పురుగు ముట్టింది

మా దిక్కున పామును పాము అనరు. పురుగంటారు. కరిచింది అని కూడా అనరు, ముట్టింది అంటారు. కరిచిన మనిషి ముందు దాని పేరెత్తితే విషం తలకెక్కుతుందని భయం. దుమ్ముగూడెం అవతల అడవి ఊళ్ళలో నిక్కర్లేసుకునే పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. నాకూ తెలుసు. ముందే చెబుతున్నాను, నాకు బాగా తెలుసు.

అలాంటి చోట జంపక్క ఒక్కతే పామును పాము అంటుంది. ప్రతి వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కోత మొదలయ్యే ముందు, ఆకు కట్టలు ఆరబెట్టే కల్లంలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి, బళ్ళో పంతులమ్మ అఆలు చెప్పించినట్టు చెప్పిస్తుంది. "అను, పాము. గట్టిగ అను. దవాఖానకు పోయి పాము కరిసిందనాలె, పురుగు అనొద్దు." పిల్లలు నవ్వుతారు, పెద్దవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు, ముసలమ్మలు చెవులు మూసుకుంటారు. ఆమెకు పాము జంపక్క అని పేరే పడిపోయింది.

ఆ పేరు పడటానికి కారణం నేను. ఆమె ఒంట్లో ఉన్న రోగానికీ సగం కారణం నేనే. మిగతా సగం రక్తపింజరది. దానికి తెలివి లేదు, కాలు పడింది, కరిచింది. నాకు ఇంటర్మీడియట్ చదువుంది.

నా పేరు స్తెఫను. మా అమ్మ పుల్లమ్మదీ జంపక్కదీ ఒకటే ఊరు, ఒకటే గుట్ట మీద ఆకు కోసేవాళ్ళు. జంపక్క గంగయ్యను చేసుకుని మా ఊరొచ్చిన ఏడు నాకు ఎనిమిదేళ్ళు. కొత్తకోడలు తలెత్తకూడదని ఎవరూ ఆమెకు చెప్పినట్టు లేదు. వచ్చిన మూడో రోజే కల్లంలో కల్లేదారుతో, అంటే కట్టలు లెక్కచూసి తీసుకునేవాడితో, తగువు వేసుకుంది. అతను ఆకు బాగాలేదని కట్ట పక్కకు విసిరేస్తే, ఆమె ఆ కట్ట విప్పి యాభై ఆకులూ ఒక్కొక్కటే వాడి ముందు పరిచి, "గిండ్ల చెడ్డాకు ఏదో సూపెట్టు" అంది. వాడు చూపించలేకపోయాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆడవాళ్ళు తమ కట్టలు ఆమె వెనకే వరుసపెట్టేవాళ్ళు. గుట్ట దిగేటప్పుడు ఒళ్ళో తునికి పండ్లు నింపుకొచ్చి, దారిలో నన్ను పిలిచి, "తమ్మీ, దోసిలి పట్టు" అనేది. దోసిలి చాలక చొక్కా పట్టేవాణ్ణి. నాకు చిన్నతనంలో తీపి అంటే ఆ పండే.

తర్వాత నేను చర్చి హాస్టల్లో చదువుకున్నాను. అక్కడ పిల్లలు నా మాట విని నవ్వేవాళ్ళు. 'అచ్చిండు' పోయి 'వచ్చాడు' వచ్చింది. 'ఏంది' పోయి 'ఏమిటి' వచ్చింది. మాట మారితే మనిషి మారతాడని అనుకున్నాను. చదువయ్యాక ఒక చిన్న మిషన్ దవాఖానాలో చీటీలు రాసే ఉద్యోగం దొరికింది. దాని పేరెందుకు, ఇప్పుడది లేదు. కిటికీ దగ్గర కూర్చుని రోగి పేరు, ఊరు, వయసు, బాధ ఇంగ్లీషులో రాయడం నా పని. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. సారపాక కాగితం మిల్లు ఉద్యోగుల ఇళ్ళ వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళు నన్ను "స్తెఫను గారూ" అని పిలిచేవాళ్ళు. ఆ 'గారు' వినడం కోసం గంట ముందే పోయి కూర్చునేవాణ్ణి. మీ ఊరేదని ఎవరైనా అడిగితే భద్రాచలం అనేవాణ్ణి.

రెండువేల నాలుగు మే నెలలో ఒక పొద్దున, తొమ్మిది దాటింది. దవాఖానా నిండా జనం. డాక్టర్ బెన్నీ కేరళ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. కుర్రవాడు, మంచివాడు. 'నొప్పి', 'జ్వరం', 'ఎన్ని రోజులు' తప్ప తెలుగు రాదు. కొత్త మాట వినబడితే చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. రోగులు చెప్పేది ఆయనకు నేనే చెప్పాలి. లేదంటే నర్సు తబితా సిస్టర్ చెప్పాలి. సిస్టర్ ఆ పొద్దున కాన్పు గదిలో ఉంది.

జంపక్క పక్కింటి బాలి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. చీలమండ పైన గుడ్డ బిగించి ఉంది. కాలంతా పసరూ పసుపూ పూసి ఉన్నారు. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది. అంత నొప్పిలో వెలిగింది. వరుస దాటి నేరుగా కిటికీకొచ్చి, అందరికీ వినపడేటట్టు అంది:

"నువ్వు మా పుల్లమ్మక్క కొడుకువు గదా! తమ్మీ, బతికిచ్చినవ్, జల్దీ డాక్టర్ సారుకు చెప్పు."

మిల్లు ఇంజనీరు గారి భార్య అప్పుడే చీటీ కోసం చెయ్యి చాపి ఉంది. ఆమె ఒకసారి జంపక్కను చూసింది, ఒకసారి నన్ను చూసింది. నా చెవులు వేడెక్కాయి.

"ఏ పుల్లమ్మ?" అన్నాను. "నాకే పుల్లమ్మా తెలియదు. లైన్లో నిలబడు."

అలా అన్నాను. కన్నతల్లిని, తను పస్తుండి నాకు హాస్టలుకు అటుకులు పంపిన తల్లిని.

కల్లేదార్లను గడగడలాడించిన జంపక్క, మారు మాట్లాడకుండా పోయి వరుస చివర నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి అరగంట పట్టింది. ఈసారి తల ఎత్తలేదు.

"ఏమైంది?"

"పురుగు ముట్టింది సారూ. పొద్దుగాల, ఆకు కోస్తుంటే."

తమ్మి పోయి సారు వచ్చాడు. అది కూడా నాకు కోపం తెప్పించింది. "ఏ పురుగు? సరిగ్గా చెప్పు."

"పురుగే సారూ." గొంతు తగ్గించింది. నా కళ్ళలోకి చూసింది, నీకు తెల్వదా అన్నట్టు. బాలి కూడా చూసింది. తెలుసని ఒప్పుకుంటే నేను వాళ్ళలో ఒకణ్ణని ఒప్పుకున్నట్టే. వెనక ఇంజనీరు గారి భార్య మందుల కోసం ఇంకా బల్ల మీదే కూర్చుని ఉంది.

నేను చీటీ మీద ఇంగ్లీషులో 'ఇన్‌సెక్ట్ బైట్' అని రాశాను. అందమైన దస్తూరీ నాది.

డాక్టర్ కాలు చూసి నన్ను పిలిచాడు. పసరు కింద గాటు కనబడలేదు. ఏం కుట్టిందని అడిగాడు. "ఏదో పురుగు డాక్టర్, తునికాకు కోసేవాళ్ళకు మామూలే" అన్నాను. బయట ఇంకా అరవై మంది ఉన్నారు. దద్దుర్లకు వేసే ఇంజెక్షను తుంటికి వేసి, మాత్రలిచ్చి, వాపు తగ్గకపోతే రేపు రమ్మన్నాడు. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. మంచి తెలుగులో చెప్పాను.

ఆ ఇంజెక్షను పాముదే అనుకున్నారు వాళ్ళు. జంపక్క నాకు దండం పెట్టి, ఎండలో ఐదు కిలోమీటర్లు నడిచి ఇంటికి పోయింది.

నాకు అనుమానం రాలేదని చెప్పలేను. మధ్యాహ్నం అన్నం తింటూ ఆగాను. డాక్టర్ చూశాడు కదా, పెద్ద చదువు చదివినవాడు, ఏదన్నా ఉంటే కనిపెట్టడా అనుకున్నాను. మళ్ళీ తిన్నాను. ఒక్క పరుగు తీస్తే దారిలోనే దొరికేది. తీయలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో తెచ్చారు. దిగలేకపోతే గంగయ్య ఎత్తుకొచ్చాడు. కాలు తొడ దాకా ఉబ్బి నల్లబడింది. పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం. నిన్న ఇంజెక్షను వేసిన చోట, సూది మొనంత చోట, రాత్రంతా నెత్తురు కారుతూనే ఉందట, చీర తడిసిపోయింది. బాలి చెప్పింది, "పొద్దూకినంక ఉచ్చ రంగునీళ్ళ లెక్క ఎర్రగ పోసింది సిస్టరూ. తెల్లారినంక అది కూడ బందైంది."

తబితా సిస్టర్ కాలు మీద పసరు కడిగింది. రెండు గాట్లు. చీటీ తీసి చూసింది. "ఎవరు రాశారిది?" అంది, నా దస్తూరీ ఆమెకు తెలిసి కూడా. సమాధానం కోసం ఆగకుండా రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, దాన్ని నిలబెట్టి, గడియారం చూసింది. ఇరవై నిమిషాలు ఎవరూ కదపకూడదు. అప్పటికి గడ్డకడితే రక్తం బాగున్నట్టు. కట్టకపోతే విషం దాన్ని విరగ్గొట్టినట్టు.

ఆ ఇరవై నిమిషాలూ నేను గోడకానుకుని ప్రార్థన చేశాను. ప్రభువా, గడ్డకట్టించు అని. ఇందులో నాకు అన్నిటికన్నా సిగ్గైన మాట చెబుతాను. ఆ ప్రార్థన ఆమె బతకాలని కాదు. నా చీటీ తప్పు కాకూడదని.

సిస్టర్ గొట్టం వంచింది. రక్తం ఈ పక్క నుంచి ఆ పక్కకు నీళ్ళలా జారింది.

ఉన్న పాము మందు సీసాలన్నీ ఎక్కించి, డాక్టరే జీపులో వెంట పోయాడు. భద్రాచలంలో ఇంకొన్ని ఎక్కించారు, అక్కడి నుంచి వరంగల్ పంపారు. రెండు రోజులకు రక్తం గడ్డకట్టడం మొదలైంది. కానీ అప్పటికే కిడ్నీలు నిలిచిపోయాయి. తొందరగా మందు పడి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదేమోనని అక్కడి పెద్ద డాక్టర్ అన్నాడట. మెడలో గొట్టం పెట్టి పదకొండు సార్లు మిషను మీద రక్తం కడిగారు. ముఖం గుమ్మడికాయలా ఉబ్బిందనీ, గంగయ్యను కూడా గుర్తు పట్టలేదనీ తెలిసింది. ఇరవై రెండో రోజున గ్లాసులో నాలుగో వంతు మూత్రం వస్తే గంగయ్య వార్డులో ఏడ్చాడట. వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలకు అన్నాళ్ళూ అన్నం పెట్టింది మా అమ్మ.

డాక్టర్ బెన్నీ తిరిగొచ్చి నన్ను పిలిచాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నువ్వు ఇన్‌సెక్ట్ అన్నావు కదా?" అని అడిగాడు.

"ఆమె పురుగు అంది డాక్టర్. పురుగంటే ఇన్‌సెక్టే."

ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంతకన్నా పెద్ద అబద్ధం నేను పుట్టి ఆడలేదు. ఆయన పాపం, పుస్తకం తీసి 'పురుగు' అని రాసుకుని, కింద గీత గీశాడు. పేషెంట్లకు చెప్పడం రావటం లేదు, ఒక బోర్డు పెడదాం, నీ దస్తూరీ బాగుంటుంది, నువ్వే రాయి అన్నాడు. రాశాను. ఎర్ర రంగుతో, అరచేయంత అక్షరాలతో రాశాను: 'పాము కరిస్తే పాము అనే చెప్పండి. పురుగు అని చెప్పి ప్రాణాల మీదికి తెచ్చుకోవద్దు.' రెండో వాక్యం డాక్టర్ చెప్పలేదు. నేనే కలిపాను.

జూలై చివర జంపక్క వచ్చింది. సగం మనిషి మిగిలింది. మెడ మీద మచ్చ, కళ్ళ కింద వాపు. కిడ్నీలు సగమే తిరిగొచ్చాయి, ఉప్పు తినొద్దు, బరువెత్తొద్దు, మూడు నెలలకోసారి రక్తం పరీక్ష చేయించుకోవాలి అన్నారు. చదువు రాదు కాబట్టి బోర్డు ముందు నిలబడి నన్నే అడిగింది.

"గిదేంది సారూ, కొత్తగ రాసిన్రు?"

చదివి వినిపించాను. మొదటి వాక్యం చదివి ఆపొచ్చు. నోరు రెండోది కూడా చదివేసింది.

ఆమె చాలాసేపు ఆ అక్షరాలు చూసింది. "నా గురించే రాసిన్రా?" అంది. నేను పెన్ను మూత పెట్టుకున్నాను. "నిజమే సారూ. నా నోటిదే తప్పు. పామంటే నువ్వు పామనే రాద్దువు. నువ్వడిగినవ్ కూడ, సక్కగ చెప్పమని."

అప్పటి నుంచి మొదలుపెట్టింది ఆమె ఆ పాఠం. గుట్టెక్కలేదు, కట్టలు మోయలేదు, అయినా వేసవి రాగానే కల్లానికి పోయి తన కథ చెప్పి, తన నోటిని తిట్టుకుని, అందరిచేతా పాము అనిపించేది. జనం ఎగతాళి చేసినా మానలేదు. మూడు నెలలకోసారి నా కిటికీకి వచ్చి, "ఎంతమందికి నేర్పిన్నో ఎరుకేనా సారూ" అని లెక్క చెప్పేది. నేను తల వంచుకుని చీటీ రాసేవాణ్ణి. ఆదివారం చర్చిలో పాస్టరు గారు బొంకడం గురించి ఎత్తితే నాకు చెప్పుల్లో మేకులు దిగినట్టుండేది. అయినా నాలుగేళ్ళు గడిచాయి. సిగ్గుతో మనిషి చస్తాడంటారు గానీ చావడు. మూడు పూటలా తింటాడు, జీతం పెరిగితే సంతోషపడతాడు.

రెండువేల ఎనిమిది ఏప్రిల్లో వచ్చిన పరీక్ష కాగితం బాగాలేదు. అంకె పెరిగింది. ఇలాగే పెరిగితే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ మిషనే గతి అని తబితా సిస్టర్ ఆమెకు దాచకుండా చెప్పింది. జంపక్క బయటికొచ్చి నా కిటికీ దగ్గర నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను.

"సారూ, గా బోర్డు రంగు పోతున్నది. మంచిగ మళ్ళ రాయి," అంది. "నేను పోయినంక ఆళ్ళకు ఎవరు చెప్తరు?"

నా చేతిలో పెన్ను ఆగింది. వరుసలో ఇంకా పది మంది ఉన్నారు. కిటికీ మూసేసి బయటికి వచ్చాను.

"అక్కా," అన్నాను. హాస్టలుకు పోయాక మళ్ళీ అదే మొదటిసారి. "గా బోర్డు అబద్ధం. నువ్వు పురుగనంగనే నాకు సమజైంది. ఎరుకుండే గట్ల రాసిన." నా నోటికి ఎప్పటిదో మాట తిరిగొచ్చింది.

"ఎరుకుండే?"

"అవ్."

"ఎందుకు?"

"అందరి ముంగట నువ్వు మా అమ్మ పేరు తీసినవ్ గదా."

ఆమె నన్ను చూసింది. కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాను.

"గంతేనా?" అంది.

"గంతే అక్కా."

"గంతేనా," అని మళ్ళీ అంది, ఈసారి నన్ను కాదు. అరుగు మీద కూర్చుంది. "నాలుగేండ్లు రా. నాలుగేండ్ల సంది నా నాలికను నేనే తిట్టుకుంటున్న. నా బిడ్డలకు చెప్పిన, మీ అమ్మకు మాట్లాడ చేతగాక గిట్లైందని." లేచింది. "నాకు చెప్పుడు కాదు. రేపు కల్లంలకు రా. ఎవల ముంగట నా నోరు చెడ్డదని చెప్పుకున్ననో, ఆళ్ళకు చెప్పు. నీ తల్లి కూడ ఉంటది."

పోయాను. పొద్దున్నే బోర్డు పీకి గోడకు ఆనించి, ఊరికి పోయాను. కల్లం నిండా కట్టలు వరుసలు వరుసలుగా పరిచి ఉన్నాయి. నలభై మంది ఆడవాళ్ళు ఉంటారు. మా అమ్మ ఒక మూల నారతో కట్ట బిగిస్తూ నన్ను చూసి నవ్వింది. క్రిస్మస్‌కూ ఈస్టరుకూ తప్ప రాని కొడుకు వచ్చాడు కదా. జంపక్క నన్ను మధ్యలో నిలబెట్టి, తను పక్కకు జరిగింది.

చెప్పాను. తడబడ్డాను గానీ దాచలేదు. చెప్పడం అయ్యాక బాలి నా కాళ్ళ దగ్గర ఉమ్మింది.

మా అమ్మ చెయ్యి నార మీదే ఆగింది. "జంపి నిన్నేమడిగింది?" అంది.

"పుల్లమ్మక్క కొడుకువు గదా అని."

"నువ్వేమన్నవ్?"

ఆ ఒక్కటీ చెప్పకుండా దాటేశాను. ఆమెకు దొరికింది. "ఏ పుల్లమ్మ అన్న అమ్మా," అన్నాను.

అమ్మ నార ముడి వేసింది. కట్ట పక్కన పెట్టింది. ఇంకో యాభై ఆకులు చేతిలోకి తీసుకుని సర్దసాగింది.

జంపక్క లేచి నిలబడింది. "ఇన్నరు గదా. ఇగ నా నోటిది తప్పని ఎవలన్న అంటే నేనూకోను. అయినా మీరు పామనే అనుండ్రి. చీటీ రాసెటోడు ఎసుంటోడుంటడో మనకేమెరుక? అనుండ్రి, పాము."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ అన్నారు. అమ్మ కూడా అంది.

నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఎండ ఎక్కుతోంది. ఆకు మాడకుండా కట్టలు తిప్పాలి, చిన్నప్పుడు చేసిన పనే. ఒక వరుస చివర వంగి తిప్పడం మొదలుపెట్టాను. తెల్ల చొక్కా చేతుల దాకా మట్టయింది.

కొంతసేపటికి కల్లేదారు ప్రభాకర్ సైకిలు మీద వచ్చాడు. వేంసూరు వైపు మనిషి, ఆ ఏడే కొత్తగా వచ్చాడు. నన్ను చూసి ఆగి, "ఎవరు పుల్లమ్మా ఆ తెల్లచొక్కా ఆయన? మీవాళ్ళేనా?" అని అడిగాడు.

అమ్మ తలెత్తలేదు.

"ఏమో సారూ," అంది. "దవాఖానల చీటీలు రాస్తడంట."

నేను ఇంకో కట్ట తిప్పాను.